పాదం వెచ్చబడితే చాలు

బీపీ అబద్ధాలాడుతుందని ముప్ఫై ఏళ్ళుగా అరుస్తూనే ఉన్నాను. ఐసీయూలో మంచం పక్కన తెర మీద అంకె నిక్షేపంలా ఉంటుంది, రోగి మాత్రం లోపల్లోపల ఆరిపోతూ ఉంటాడు. షాక్ అంటే కరెంటు తగలడమో, భయపడటమో కాదు. ఒంట్లో చీము పట్టో, నెత్తురు పోయో, అవయవాలకు రక్తం అందని స్థితి. అప్పుడు నాళాలు బిగుసుకునే మందు ఎక్కిస్తాం. అంకె పెరుగుతుంది. మందు ఎక్కువైతే ఆ బిగింపుకే చిట్టచివరి సన్న నాళాలకు చుక్క చేరదు. పెద్ద కాలువ నిండుగా పారుతోందని లాకుల దగ్గర నిలబడి మురిసిపోతే ఏం లాభం, చివరి మడి తడవాలి కదా! మా నాన్న గట్టు మీద చివరిదాకా నడిచి వెళ్ళి చూసుకునే రైతు. డాక్టర్లలో నేను ఆ రకం అని నాకో పొగరు ఉండేది. అది ఎలా దిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు హైమవతి. సామర్లకోటలో మా ట్రస్టు ఆసుపత్రి ఐసీయూకి పెద్దని. ఐదేళ్ళ కిందట దినకర్ అనే కుర్ర ఇంజనీరు నా గదికి వచ్చి బల్ల మీద ఒక చిన్న ఉంగరం పెట్టాడు. కాలి రెండో వేలికి తొడగాలి. అర నిమిషానికోసారి అది వేలిని మెత్తగా నొక్కి వదులుతుంది. పాలిపోయిన చర్మంలోకి రక్తం ఎంతసేపట్లో తిరిగొచ్చిందో, వేలు ఎంత వెచ్చగా ఉందో కొలుస్తుంది. ఆ కబురు మంచం పక్కనున్న పంపుల పెట్టెకు అందుతుంది. మందు ఎంత వెళ్ళాలి, సెలైను ఎంత వెళ్ళాలి అన్నది ఇక పెట్టే చూసుకుంటుంది. చివరి మడి తడిసిందని ఉంగరం చెబితే పెట్టె మందు తగ్గిస్తుంది, అప్పుడు బీపీ కొంచెం తక్కువున్నా పట్టించుకోదు. నేను ముప్ఫై ఏళ్ళుగా నోటితో చెబుతున్నదాన్ని అతను లోహంతో చేసి తెచ్చాడు. ఆ సాయంత్రమే ఒప్పేసుకున్నాను.

అతను దానికి ఇంగ్లీషులో బారెడు పేరు పెట్టుకున్నాడు. మా హెడ్ నర్సు సుగుణ సిస్టర్ చూడగానే, "ఇది మెట్టె కదండీ" అంది. అంతే, ఇక ఆ పేరు వదల్లేదు. మగవాళ్ళకు తొడుగుతుంటే బంధువులు అంత ఏడుపులోనూ నవ్వేవారు. "మా బావకి మెట్టెలేంటండి!" అని.

కానీ మెట్టె పనిచేసింది. అంతకుముందు షాక్‌లో వచ్చినవాళ్ళకు సెలైను పోసి పోసి మొహాలు గుమ్మడికాయల్లా చేసేవాళ్ళం. మెట్టె వచ్చాక ఆ ఉబ్బులు తగ్గాయి, చావులు తగ్గాయి. సిస్టర్లకు నేను ఒకటే మంత్రం నేర్పాను. తెర చూడకండి, పాదం చూడండి. రాష్ట్రంలో ఇంకో పన్నెండు ఆసుపత్రులకు ఇద్దామని, కొత్త పరికరాలను పరీక్షించి ఒప్పుకునే ప్రభుత్వ కమిటీవాళ్ళు కబురు పెట్టారు. దినకర్ కాళ్ళు నేల మీద ఆనడం లేదు. నావీ ఆనలేదు, కాకపోతే వయసు మీద పడింది కాబట్టి బయటికి కనపడనివ్వలేదు.

అలాంటి రోజుల్లో వీరవేణి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు. ఉప్పాడ వైపు ఒక షెడ్డులో రొయ్యల తలలు తీసే పని. రొయ్య కొమ్ము అరచేతిలో గుచ్చుకుంది. అది వాళ్ళకు రోజూ ఉండేదే కనుక ఇంత పసుపు అద్ది ఊరుకుంది. మూడో రోజుకు చెయ్యి మోచేతిదాకా నల్లబడి, మనిషి స్పృహ తప్పింది. సర్జన్ కుళ్ళినదంతా కోసి శుభ్రం చేశాడు. అయినా విషం ఒళ్ళంతా పాకేసింది. మొగుడు సముద్రం మీద వేటకు వెళ్ళాడు, పడవ తిరిగి రావడానికి ఇంకా నాలుగు రోజులు. వెంట వచ్చింది తల్లి ఒక్కతే. పేరు నూకరత్నం. ఆవిడా అదే షెడ్డులో పనిచేస్తుంది.

సుగుణ సిస్టర్ వీరవేణి వెండి మెట్టెలు తీసి తల్లి చేతిలో పెట్టి, మా మెట్టె తొడిగింది. నూకరత్నం వాటిని కొంగున ముడేసుకుని నా వైపు తిరిగింది.

"డాట్రమ్మగారూ, బతుకుద్దాండీ?"

ఆవిడ చూపు నా మొహం మీద లేదు, తెర మీది అంకెల మీద ఉంది. అంకె కదిలినప్పుడల్లా ఆవిడ గుండె ఆగుతోంది. నాకు జాలేసింది. జాలితో పాటు పాఠం చెప్పే దురద కూడా పుట్టింది.

"ఆ అంకెలు చూసి కంగారు పడకండమ్మా. అవి పెరుగుతాయి, తగ్గుతాయి. మీరు పాదం పట్టుకు చూడండి. ఎలా ఉంది?"

పట్టుకు చూసింది. "మంచు ముక్కలా ఉందండి."

"నెత్తురు అక్కడిదాకా చేరడం లేదు. అది చేరాలనే మా తంటా అంతా. పాదం వెచ్చబడితే చాలు, మీ అమ్మాయి గట్టెక్కినట్టే."

"పాదం వెచ్చబడితే చాలాండీ?"

"చాలు."

ఆవిడ బుద్ధిగా తల ఊపింది. ఇంత కష్టమైన సంగతిని ఎంత సుళువుగా చెప్పానో చూశావా అని నా వీపు నేనే తట్టుకుంటూ పక్క మంచం దగ్గరికి వెళ్ళాను.

మా ఐసీయూలో సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా రోగికి ఒకరు చొప్పున లోపల కూర్చోవచ్చు. చెయ్యి పట్టుకోవచ్చు, మాట్లాడవచ్చు. యాజమాన్యంతో పోట్లాడి నేను తెచ్చిన పద్ధతే అది. మర్నాడు ఐదింటికి నూకరత్నం వచ్చి, "కాళ్ళు పట్టొచ్చాండీ?" అని అడిగితే, పట్టమని సుగుణ సిస్టరే చెప్పింది.

ఆ గంటలో నేను కింది అంతస్తులో ఉన్నాను. కమిటీవాళ్ళు వచ్చారు. దినకర్ గోడ మీద గ్రాఫుల గీతలు చూపిస్తున్నాడు, నేను పక్కన కూర్చుని గర్వపడుతున్నాను. ఐదున్నరకు సిస్టర్ ఫోన్.

"మేడమ్, వీరవేణి సగటు బీపీ అరవై ఐదు ఉండాల్సింది, యాభైకి దిగిందండి. పెట్టె మందు తగ్గించుకుంటూ పోతోంది."

"పాదం ఎలా ఉంది?"

"వెచ్చగానే ఉందండి. ఎర్రగా కూడా ఉంది."

"మరింకేంటి? అంకె చూసి బెదరొద్దని ఎన్నిసార్లు చెప్పాలి సిస్టర్?"

పది నిమిషాలకు మళ్ళీ ఫోన్. "మూత్రం చుక్క రావట్లేదండి. నాకెందుకో..."

"పాదం వెచ్చబడింది కదా. వెనకాలే అదీ వస్తుంది."

కమిటీవాళ్ళ ముందు నా గొంతులో విసుగు కాస్త ఎక్కువే పలికింది. మూడోసారి ఆవిడ ఫోన్ చెయ్యలేదు. సగటు నలభైకి దిగగానే పెట్టె ఆపేసి, తన చేత్తో మందు పెంచి, అప్పుడు నాకోసం మనిషిని పంపింది. నన్ను అడగలేదు. వీరవేణి ఈరోజు ప్రాణాలతో ఉందంటే ఆ అడగకపోవడం వల్లే.

నేను పరుగున వెళ్ళేసరికి ఆరు దాటింది. నూకరత్నం అప్పటికే వెళ్ళిపోయింది. మంచం చుట్టూ శొంఠి వాసన. ఎవరో శొంఠి కాఫీ తాగి వచ్చారనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున్న దినకరూ నేనూ పెట్టె దాచుకున్న అంకెలన్నీ ముందేసుకుని కూర్చున్నాం. ఐదూ ఇరవై దాకా పాదం చల్లన. ఐదూ ఇరవైకి ఉన్నట్టుండి వెచ్చన. ఒంట్లో ఇంకెక్కడా మెరుగు లేదు, ఒక్క ఆ పాదాలకే పండగొచ్చింది. ఇద్దరం జుట్టు పీక్కుంటుంటే సుగుణ సిస్టర్ వచ్చి ఒక దూది ఉండ బల్ల మీద పెట్టింది. పచ్చగా పొడి అంటుకుని ఉంది.

"వేళ్ళ సందుల్లోంచి తుడిచానండి. శొంఠి పొడి. నూకరత్నం గారిని అడిగాను. దాపరికం లేకుండా చెప్పింది. కాళ్ళు చల్లబడితే శొంఠి రుద్దాలి కదండీ, డాట్రమ్మగారే పాదం వెచ్చబడాలన్నారు, పావుగంట రుద్దేసరికి వెచ్చబడిపోయింది అని. చాలా సంతోషంగా ఉందండి ఆవిడ."

మన ఇళ్ళల్లో ఎవరికి తెలియదు ఈ సంగతి! మా అమ్మమ్మకు చివరి రోజుల్లో నేనే రుద్దాను. ఐదేళ్ళు ఆ మెట్టెతో కాపురం చేస్తూ ఒక్కరోజు కూడా నాకది తట్టలేదు. శొంఠి ఘాటుకూ చేతి రాపిడికీ పైచర్మంలో నెత్తురు పరుగులు తీసింది. చివరి మడి తడిసిందని మెట్టె నమ్మింది. ఇక కాలువ కట్టెయ్యొచ్చని పెట్టె మందు తగ్గించింది. తెర మీద అంకెను నమ్మొద్దని ఊరంతా చాటి, కాలి వేలి దగ్గర ఇంకో అంకెను పెట్టుకుని దాన్ని నమ్మాను.

"బంధువుల జోక్యం అని రిపోర్టులో రాద్దాం మేడమ్," అన్నాడు దినకర్. "పరికరం తన పని తను సరిగ్గానే చేసింది. లోపలికొచ్చి రుద్దితే అదేం చేస్తుంది?"

"ఆవిడ మీదికి నెట్టడం నాకిష్టం లేదు. బయటి కారణంతో కొలత తప్పిందని రాయి. ఇక ముందు సగటు యాభై ఐదు కన్నా కిందికి దిగితే, పాదం ఎలా ఉన్నా సరే, పెట్టె ఆగి గంట కొట్టేట్టు చెయ్యి."

"ఆవిడకి చెప్పాలండి," అంది సుగుణ సిస్టర్.

"చెప్పి ఏం బావుకుంటాం సిస్టర్? పుండు మీద కారం చల్లడం కాకపోతే."

"రేపు ఇంకోళ్ళు రుద్దుతారండి."

"ఇప్పుడు పెట్టె ఆగుతుందిగా."

సిస్టర్ దూది తీసుకుని వెళ్ళిపోయింది. నా జాలిగుండెను చూసి నేనే కరిగిపోయాను. దాని అసలు పేరు పిరికితనం అని అప్పుడు ఒప్పుకోలేదు.

వీరవేణి ఆరో రోజున కళ్ళు తెరిచింది. చెయ్యి నిలిచింది, ప్రాణం నిలిచింది. కిడ్నీలు మాత్రం తిరిగి రాలేదు. ఇవాళ వస్తాయి రేపు వస్తాయి అని మూడు నెలలు చూశాం. ఆ విషం అప్పటికే వాటిని సగం తినేసి ఉంటుంది. మిగతా సగాన్ని ఆ ఒక్క గంటే తీసుకుపోయిందని నూటికి నూరుపాళ్ళు చెప్పలేను. చెప్పలేను అన్న మాటే మూడు నెలలు కప్పుకుని పడుకున్నాను.

వారానికి మూడు రోజులు డయాలసిస్. ఆ గదీ మా ఐసీయూ ఒకే అంతస్తులో ఉన్నాయి, బయట కూర్చునే హాలూ ఒకటే. కూతురు లోపల ఉన్న నాలుగు గంటలూ నూకరత్నం ఆ హాల్లోనే ఉండేది. మనిషి ఊరికే కూర్చునే రకం కాదు. కొత్తగా వచ్చి ఏడుస్తున్నవాళ్ళ పక్కకు చేరి, వాళ్ళ చేత రెండు ముద్దలు తినిపించేది. నేను కనపడితే లేచి రెండు చేతులూ జోడించేది.

"మీరు చెప్పిన ముక్కేనండి నా బిడ్డని నిలబెట్టింది."

నేను వాచీ చూసుకుని, ఏదో పనున్నట్టు వెళ్ళిపోయేదాన్ని.

మొన్న శ్రావణంలో, నాలుగో మంచం మీద పాపారావు అనే రైసుమిల్లు కళాసీ ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసి షాక్‌లోకి వెళ్ళాడు. సాయంత్రం ఐదున్నరకు పెట్టె ఆగి గంట కొట్టింది. నేను అక్కడే ఉన్నాను. పాదాలు ఎర్రగా ఉన్నాయి. ఈసారి ఆ వాసన ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మందు సరిచేశాం. ఐదు నిమిషాల్లో నిలదొక్కుకున్నాడు. అతని భార్య సూర్యకాంతం శొంఠి పొట్లం పట్టుకుని బిత్తరపోయి నిలబడింది.

"ఎవరిచ్చారమ్మా నీకిది?"

"నూకరత్నం అక్కండి. వాళ్ళ పిల్లని ఇలాగే బతికించుకుందంటండి. ఎవరొచ్చినా తనే పొట్లం కట్టి ఇస్తదండి."

ఎంతమందికి ఇచ్చిందో! ఎన్నిసార్లు బీపీ ఆ గంట కొట్టే హద్దుకు ఒక గీత పైనే ఆగిపోయి, మేము గమనించకుండా దాటిపోయిందో! పై నెల మెట్టెలు పన్నెండు ఆసుపత్రులకు వెళ్తున్నాయి. సుగుణ సిస్టర్ నా వైపు చూసింది. ఆవిడ ఏమైనా అంటే తట్టుకోగలను, అనకపోతేనే నాకు భయం.

ఆ రోజే కమిటీకి ఉత్తరం రాశాను. జరిగింది జరిగినట్టు రాశాను. తల్లికి నేను చెప్పిన మాట, సిస్టర్ రెండు ఫోన్లు, నేనిచ్చిన జవాబులు, దాచిన మూడు నెలలు. ఇళ్ళల్లో జనం ఏం చేస్తారో తెలుసుకునేదాకా మెట్టెను బయటికి పంపవద్దని కూడా రాశాను.

"ఒక్క శొంఠి పొట్లం కోసం ఐదేళ్ళ పని ఆపేస్తారా మేడమ్?" అన్నాడు దినకర్. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ బాధ నాకు తెలుసు, అది నా బాధ కూడా. అయినా ఉత్తరం వెళ్ళిపోయింది. ఆ తర్వాతే నూకరత్నాన్ని పిలిచాను. ముందు ఆవిణ్ణి పిలిచి ఉంటే, ఆవిడ మొహం చూశాక ఉత్తరం రాయకపోవడానికి ఇంకో వంక వెతుక్కునేదాన్ని.

కుర్చీలో కూర్చోమంటే అంచు మీద కూర్చుంది. కిడ్నీల గురించి ఏదో మంచి కబురు చెబుతానని ఆవిడ కళ్ళల్లో ఆశ. నేను తప్పు నాది అని మొదలుపెట్టాను. శొంఠి, మెట్టె, పెట్టె, మందు, ఆ సాయంత్రం గంటసేపు జరిగింది. వంకర లేకుండా వరసగా చెప్పాను. ఆ గంట వల్లే కిడ్నీలు పోయాయని గట్టిగా చెప్పలేకపోయినా, ఆ గంట వాటికి చెరుపే చేసిందన్నది మాత్రం నిజమని చెప్పాను.

ఆవిడ విన్నదాన్ని ఒక్కొక్కటే పేర్చుకుంది.

"అంటే... వెచ్చబడింది కాలే గానీ మనిషి కాదన్నమాట."

"అవునమ్మా."

"మీ మిషను నా చెయ్యి వేడి చూసి, పిల్ల వేడే అనుకుందన్నమాట."

"అవును. అది అలా పొరబడకుండా చూసుకోవాల్సింది మేము. కాళ్ళు చల్లబడితే మీరేం చేస్తారని నేను ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు."

"మూడు నెల్లయిందండి."

"అవును."

"ఈ మూడు నెలల్లో ఎంతమందికి చెప్పానో, నాకే గుర్తు లేదు."

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. లేచి గబగబా హాల్లోకి నడిచింది. నేను వెనకాల వెళ్ళాను. సూర్యకాంతం ముందు ఆగి చెయ్యి చాపింది.

"ఆ పొట్లం ఇటిచ్చెయ్. ఇంకెవరి దగ్గరున్నాయో వాళ్ళూ ఇచ్చెయ్యండి. నేను చెప్పింది తప్పంట. నేను రుద్దబట్టే మా పిల్ల కిడ్నీలు పోయినాయంట. మీరెవరూ రుద్దకండి."

ఆ మాట ఆవిడ నోట అలా వదిలెయ్యడం ఇక నా వల్ల కాలేదు.

"ఆవిడ కాదు," అన్నాను. "పాదం వెచ్చబడితే చాలని ఆవిడకు చెప్పింది నేను. ఆవిడ నా మాట విన్నారు, అంతే."

సూర్యకాంతం నన్నూ ఆవిణ్ణీ మార్చి మార్చి చూసింది. "అయితే మా ఆయన్ని ముట్టుకోకూడదాండీ?"

"ముట్టుకోండమ్మా. కాళ్ళు కూడా పట్టండి. ఏం చేస్తున్నారో సిస్టర్‌కి చెప్పి చెయ్యండి, మేము మిషను సంగతి చూసుకుంటాం."

సుగుణ సిస్టర్ పొట్లాలు ట్రేలో పోగుచేసింది. ఐదు వచ్చాయి. నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుని, "పిల్లకి నేనే చెప్పుకుంటాను, మీరు రాకండి," అని డయాలసిస్ గదిలోకి వెళ్ళింది.

నేను వెళ్ళలేదు. తలుపు దగ్గర నిలబడ్డాను. ఆవిడ ఏం చెప్పిందో సరిగ్గా వినపడలేదు. చెప్పడం అయిపోయాక మాత్రం గట్టిగా ఏడుపు వినపడింది. అన్నాళ్ళుగా దాచుకున్నదంతా అప్పుడు బయటికి వచ్చింది. దాని మీదుగా వీరవేణి గొంతు.

"ఊరుకోవే బాబూ, మిషను చప్పుడుకే చెవులు దిబ్బళ్ళేస్తున్నాయి. రెండు పోగొట్టావ్ కదా, నీ రెంటిలోంచి ఒకటిచ్చెయ్. చెల్లుకు చెల్లు."

"ఒకటి సరిపోద్దా?" తల్లి వెక్కుతూనే అడిగింది.

"ఒకటి చాలంట. అందరికీ దేవుడు రెండోది ఊరికే ఇచ్చాడంట."

నూకరత్నం ఏడుపులోంచే నవ్వింది. కూతురు కూడా నవ్వింది. ఆ నవ్వు విన్నాక నాకు ధైర్యం వచ్చింది. ఇంత పెద్ద మాటను ఇంత తేలిగ్గా తీసుకున్న పిల్ల నన్ను కూడా ఒక మాట అని వదిలేస్తుందనుకున్నాను. లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను.

"వీరవేణీ, మీ అమ్మది కాదమ్మా తప్పు. ఆవిడకు అలా చెప్పింది నేను. సిస్టర్ రెండుసార్లు ఫోన్ చేస్తే వినిపించుకోనిదీ నేనే. తెలిసి కూడా ఇన్నాళ్ళు దాచిందీ నేనే. క్షమించమని అడగడానికి వచ్చాను."

వీరవేణి మొహంలో నవ్వు మెల్లగా తగ్గిపోయింది. గొట్టాలు గుచ్చిన చేతిని కదపకుండా, రెండో చేత్తో తల్లి చెయ్యి పట్టుకుని, నా వైపు చూసింది.

"మా అమ్మ చదువుకోలేదండి," అంది.

మొహం వాళ్ళమ్మ వైపు తిప్పేసుకుంది.